కళ్లు నార్మల్ అంటున్నారు.. కానీ బిడ్డ చూడట్లేదు! పిల్లల్లో సీవీఐ అంటే ఏంటి?

బిడ్డ అమ్మ ముఖం వైపు చూడదు. బొమ్మ ఊపినా పట్టించుకోదు. ఆస్పత్రికి తీసుకెళ్తే కళ్లలో ఏ లోపమూ లేదంటారు. మరి సమస్య ఎక్కడుంది? ఇలాంటప్పుడు అనుమానించాల్సింది మెదడునే.

కన్ను పంపే సమాచారాన్ని అర్థం చేసుకుని 'ఇది అమ్మ', 'ఇది బంతి' అని చెప్పేది మెదడు. ఆ భాగం దెబ్బతింటే కళ్లు బాగున్నా చూపు సరిగా ఉండదు. దీన్నే సెరిబ్రల్ విజువల్ ఇంపెయిర్‌మెంట్, షార్ట్‌గా సీవీఐ అంటారు.

ఎందుకు వస్తుంది?

కాన్పు టైంలో బిడ్డ మెదడుకు ఆక్సిజన్ అందకపోవడం ఒక ముఖ్య కారణం. పుట్టగానే ఏడవని పిల్లల్లో ఈ ముప్పు ఎక్కువ. నెలలు నిండకుండా పుట్టడం, మెదడువాపు, తలకు గట్టి దెబ్బ కూడా కారణం కావచ్చు. పుట్టిన తొలి రోజుల్లో రక్తంలో షుగర్ బాగా పడిపోయినా మెదడు వెనుక భాగం దెబ్బతింటుంది. చూపు కేంద్రం ఉండేది అక్కడే. పుట్టిన గంటలోపే తల్లిపాలు పట్టమని డాక్టర్లు చెప్పడానికి ఇదీ ఒక కారణం.

ఎలా గుర్తించాలి?

* మనుషుల కంటే లైటు, తిరిగే ఫ్యాన్ వైపే ఎక్కువగా చూడటం
* కదలని బొమ్మ కంటే కదిలే బొమ్మను తేలిగ్గా గుర్తించడం
* వస్తువు అందుకునేటప్పుడు ముఖం పక్కకు తిప్పేయడం
* ఒకసారి బాగా చూసి, కాసేపటికే చూడలేకపోవడం
* కాస్త పెద్ద పిల్లలైతే మెట్లు దిగేటప్పుడు తడబడటం, గుంపులో అమ్మను పోల్చుకోలేకపోవడం

ఇది మొండితనం కాదు, నటన అంతకన్నా కాదు. అందుకని పిల్లల్ని తిట్టొద్దు.

ఏం చేయాలి?

కళ్లద్దాలు అవసరమో లేదో పరీక్ష చేయించాల్సిందే. కానీ అద్దాలతోనో, ఆపరేషన్‌తోనో సీవీఐ పోదు. చూపుకు ట్రైనింగ్ ఇవ్వాలి. ఇంట్లో టీవీ ఆపేసి, నల్లగుడ్డ ముందు ఎర్రటి లేదా పసుపు బొమ్మ ఒక్కటే పెట్టి మెల్లగా కదిలించాలి. బిడ్డ స్పందించేదాకా ఓపిక పట్టాలి. చిన్న వయసులో మెదడుకు కొత్తగా నేర్చుకునే శక్తి ఎక్కువ. చూపు పూర్తిగా రాకపోయినా, చాలామందిలో మెరుగవుతుంది.

ఎక్కడికి వెళ్లాలి?

పిల్లల డాక్టర్‌తో పాటు పిల్లల కంటి డాక్టర్‌కూ చూపించాలి. ప్రభుత్వ ఆర్బీఎస్‌కే పథకం కింద జిల్లా స్థాయిలో నడిచే డీఈఐసీ కేంద్రాల్లో ఉచితంగా పరీక్షిస్తారు. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రిలోనూ చూపు పునరావాస సేవలున్నాయి.

మూడు నెలలు నిండినా బిడ్డ మీ ముఖం చూడట్లేదా? 'పెద్దయ్యాక అదే సర్దుకుంటుందిలే' అని ఆగొద్దు. ఆగిన ప్రతి నెలా బిడ్డకు నష్టమే.