ఫోను తాళం తీస్తే మేలెంత? కీడెంత?

అనధికార యాప్‌లు: ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల వారు తెలుసుకోవలసిన సంగతులు

(మా ప్రత్యేక ప్రతినిధి)

ఉదయగిరి: గజపతుల ఏలుబడిలో ఉన్న ఉదయగిరి దుర్గాన్ని 1514లో శ్రీకృష్ణదేవరాయలు స్వాధీనం చేసుకున్నాడు. అందుకు ఏడాదికి పైగా ముట్టడి సాగించవలసి వచ్చింది. ఆ దుర్గం నీడన నివసిస్తున్న నేటి ప్రజల జేబులో ఉన్న ఫోను కూడా ఒక కోట వంటిదే. దానికీ గోడలున్నాయి, తాళాలున్నాయి, కావలి ఉన్నది. అయితే ఈ కోటను పట్టటానికి సైన్యం రానక్కరలేదు. వాట్సాప్‌లో వచ్చిన ఒక ఫైలును యజమానే నొక్కి, అడిగిన ప్రతిదానికీ "సరే" అంటే చాలును. పంట డబ్బు పడిన బ్యాంకు ఖాతా ఖాళీ కావటానికి అంతకు మించి అక్కరలేదు.

ఉదయగిరి, ఆత్మకూరు వంటి మెట్ట ప్రాంత పట్టణాలలో సెల్‌ఫోను మరమ్మతు దుకాణం ఒకనాటి సైకిలు షాపు వలె సర్వసాధారణమైపోయింది. గాజు పగిలితే మార్చటంతోపాటు "లాక్ తీయటం", "ఫ్లాష్ కొట్టటం", "సాఫ్ట్‌వేర్ వేయటం" అన్నవి కూడా ఈ వృత్తిలో భాగమే. గల్ఫ్ నుండి బంధువులు తెచ్చిన పాత ఐఫోను అయినా, సంతలో చౌకగా దొరికిన ఆండ్రాయిడ్ ఫోను అయినా చివరకు ఈ బల్ల మీదికే వస్తుంది. ఈ పనులలో ఏది మేలు, ఏది కీడు అన్నది తెలియక పలువురు గందరగోళ పడటం కద్దు. ఈ వ్యాసంలో ఆ తేడాను వివరించటానికి ప్రయత్నిస్తున్నాము.

చెర విడిపించటం అంటే ఏమిటి?

ఫోను తయారుచేసిన కంపెనీ తాను అనుమతించిన కార్యక్రమాలను మాత్రమే నడపనిచ్చే విధంగా లోపల ఒక కట్టుబాటు పెడుతుంది. ప్రతి యాప్‌కు కంపెనీ ముద్ర ఉన్నదా లేదా అని ఐఫోను పరిశీలిస్తుంది. ముద్ర లేకుంటే నడవనీయదు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఏదో ఒక లోపాన్ని ఉపయోగించి ఈ పరిశీలనను తప్పించటాన్నే "జైల్‌బ్రేక్", అనగా చెర విడిపించటం అంటున్నారు. ఆండ్రాయిడ్ ఫోన్లలో బూట్‌లోడర్ తాళం తీసి, ఫోను పైన సర్వాధికారం పొందే పద్ధతిని "రూటింగ్" అంటారు. ఈ బూట్‌లోడర్ తాళం తీసినపుడు ఫోనులోని ఫోటోలు, నంబర్లు సహా సమస్తమూ చెరిగిపోతాయి.

ఈ విద్య దొంగతనం కొరకు పుట్టినది కాదు. ఐఫోను 2007 జూన్‌లో అమెరికాలో విడుదలైనపుడు దానిలో యాప్‌ల దుకాణమే లేదు. బయటివారు రాసిన కార్యక్రమాలను వేసుకునే వీలు లేదు. జే ఫ్రీమన్ అనే ఇంజనీరు 2008 ప్రారంభంలో "సిడియా" అనే అనధికార దుకాణాన్ని తెరిచాడు. ఆపిల్ కంపెనీ సొంత దుకాణం అదే ఏడాది జులైలో గాని రాలేదు. ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే పనివాడు కొత్త ఆకారం చెక్కాలనుకుంటే ఉలి అమ్మిన కంపెనీని అనుమతి అడగడు. కొనుక్కున్న ఫోను విషయంలో మాత్రం ఎందుకు అడగాలి అన్నదే వీరి వాదన. ఈ వాదనలో న్యాయం ఉన్నదని గ్రహించి, తన ఫోనును చెర విడిపించుకోవటం కాపీరైటు నేరం కాదని 2010 జులైలో అమెరికా ప్రభుత్వం మినహాయింపు ఇచ్చింది.

తెలుగుకు జరిగిన ఉపకారం

ఈ తాళం తీసే విద్య తెలుగువారికి కూడా ఒకప్పుడు అక్కరకు వచ్చింది. తొలినాటి ఆండ్రాయిడ్ ఫోన్లు పెక్కింటిలో తెలుగు అక్షరాలకు బదులు డబ్బాలు కనిపించేవి. కొందరు యువకులు ఫోనును రూట్ చేసి, లోపలి ఫోల్డరులో తెలుగు ఫాంటును తామే చేర్చి చదువుకునేవారు. ఆ ధైర్యం లేనివారు ఒపేరా మినీ బ్రౌజరులో ఒక సెట్టింగు మార్చి అక్షరాలను బొమ్మలుగా తెప్పించుకునేవారు. 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.1 తెలుగుకు ఆధారం కల్పించిన తరువాత క్రమంగా ఈ అవస్థ తీరింది.

కాగా దీనికి మరొక ముఖం కూడా ఉన్నది. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే తెలుగు అక్షరపు ఒక రూపం సందేశంగా వస్తే ఐఫోన్లలో మెసేజీల యాప్ కుప్పకూలటం ప్రపంచమంతటా వార్త అయిన సంగతి పాఠకులకు గుర్తుండవచ్చును. ఆపిల్ ఫిబ్రవరి 19న దిద్దుబాటు విడుదల చేసింది. అప్‌డేట్ వేస్తే జైల్‌బ్రేక్ పోతుంది కనుక, చెర విడిపించిన ఫోన్లవారు ఇటువంటి దిద్దుబాట్లను వాయిదా వేస్తుంటారు. అక్షరం వలన యాప్ ఆగిపోతే నష్టం కొంతే. అదే లోపం దొంగకు దారి అయితే నష్టానికి అంతుండదు.

తెరిచిన తలుపు అందరికీ తెరిచినట్లే

అందుకు ఉదాహరణలు లేకపోలేదు. 2009 నవంబరులో ఆస్ట్రేలియాలో "ఐకీ" అనే పురుగు జైల్‌బ్రేక్ చేసిన ఐఫోన్లలో ప్రవేశించి తెర మీద బొమ్మను మార్చివేసింది. ఆ ఫోన్లన్నిటిలో ముందుగా ఉన్న సంకేత పదాన్ని యజమానులు మార్చుకోకపోవటమే కారణం. కొద్ది రోజులకే నెదర్లాండ్స్‌లో బ్యాంకు ఖాతాదారులకు వల వేసే మరొక పురుగు అదే దారిలో వచ్చింది. 2015 ఆగస్టులో బయటపడిన "కీరైడర్" వ్యవహారంలో చెర విడిపించిన ఫోన్ల నుండి 2 లక్షల 25 వేలకు పైగా ఆపిల్ ఖాతాల వివరాలు దొంగల పాలయ్యాయి. డబ్బు పెట్టి కొనవలసిన యాప్‌లు ఉచితంగా వస్తాయన్న ఆశే అక్కడ ఎర.

రూట్ చేసిన ఫోనులో చాలా బ్యాంకు యాప్‌లు, చెల్లింపుల యాప్‌లు నడవటానికి నిరాకరిస్తాయి. కాపలా లేని ఇంటిలో నగల పెట్టె పెట్టలేమన్నది బ్యాంకుల ఉద్దేశం. కనుక గ్యాస్ బండ నుండి ఎరువుల బస్తా వరకు ఫోనుతోనే చెల్లించేవారు ఆ ఫోనుకు రూట్ చేయించుకోకపోవటమే క్షేమం.

అసలు ప్రమాదం ఏపీకే ఫైలు

ఇదిలా ఉండగా, మెట్ట ప్రాంతపు సామాన్యునికి నేడు పొంచి ఉన్న ముప్పు జైల్‌బ్రేక్ కన్నా చిన్న పనితో వస్తున్నది. ఆండ్రాయిడ్ ఫోనులో రూటింగ్ లేకుండానే "ఏపీకే" అనే ఫైలు ద్వారా బయటి యాప్‌ను వేయవచ్చును. "తెలియని చోటు నుండి యాప్‌లను అనుమతించు" అన్న మీటను యజమాని నొక్కితే సరిపోతుంది.

పీఎం కిసాన్ పేరుతో, వాహనాల చలానా పేరుతో, పెండ్లి శుభలేఖ పేరుతో ఇటువంటి ఫైళ్లు వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. పీఎం కిసాన్ కింద రైతుకు ఏడాదికి 6,000 రూపాయలు మూడు విడతలుగా అందుతాయన్నది విదితమే. విడత పడే రోజులలో ఆ పేరుతో ఫైలు వస్తే రైతు నమ్మటంలో ఆశ్చర్యం లేదు. పైగా అది తెలిసినవారి నంబరు నుండే వస్తుంది. వారి ఫోను అప్పటికే దొంగల చేతిలో పడి ఉంటుంది గనుక వారికి తెలియకుండానే అందరికీ పోతుంది.

యాప్ వేసిన వెంటనే మెసేజీలు చదివే అనుమతి, నోటిఫికేషన్లు చూసే అనుమతి, "యాక్సెసిబిలిటీ" అనుమతి అడుగుతుంది. ఈ చివరిది చూపు మందగించినవారికి సహాయం కొరకు ఏర్పరచినది. దొంగ చేతిలో పడితే తెర మీద ఉన్నది చదవగలదు, యజమానికి బదులు తానే మీటలు నొక్కగలదు. బ్యాంకు పంపే ఓటీపీ రైతు చూసేలోపే దొంగకు చేరుతుంది. అందువలననే 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుండి బయటి యాప్‌లకు ఈ అనుమతి తేలికగా దొరకకుండా గూగుల్ అడ్డుకట్ట వేసింది. ఇటువంటి అనుమతులు కోరే బయటి యాప్‌లను ప్లే ప్రొటెక్ట్ ద్వారా తానే నిలిపివేసే ప్రయోగాన్ని మన దేశంలో 2024లో ప్రకటించింది. అయినప్పటికీ ఫోనులో మాట్లాడుతూ ఆ అడ్డుకట్టను యజమాని చేతనే తీయించే మోసగాళ్లున్నారు.

అప్పుల యాప్‌ల సంగతి మరింత విషాదం. 2021 జనవరి, ఫిబ్రవరి నెలలలో రిజర్వు బ్యాంకు బృందం పరిశీలించగా మన దేశంలో సుమారు 1,100 అప్పుల యాప్‌లు 80కి పైగా దుకాణాలలో కనిపించాయి. వాటిలో 600 చట్టవిరుద్ధమైనవని తేలింది. ఫోనులోని నంబర్లు, ఫోటోలు లాగి, బంధువులకు పంపి పరువు తీసే ఈ యాప్‌ల వేధింపులకు తెలుగు రాష్ట్రాలలో ప్రాణాలు తీసుకున్నవారు ఉన్నారు.

అదనపు సౌకర్యాల కొరకు చాలామంది వేసుకునే "జీబీ వాట్సాప్" వంటివి కూడా వాట్సాప్ కంపెనీవి కావు. అవి వాడుతున్న నంబర్లను ఆ కంపెనీ తాత్కాలికంగా నిలిపివేస్తుంది. కొత్త సినిమా ఉచితంగా చూపే యాప్‌లు, పందెపు యాప్‌లు కూడా ఈ దొడ్డిదారినే వస్తాయి.

యాప్ తయారుచేయదలచిన విద్యార్థికి

ఈ ప్రమాదాలు చూసి, బయటి యాప్ అన్నదే పాపం అనుకోవటం కూడా తగదు. సొంతంగా యాప్ రాసే విద్యార్థి మొదట చేసేది అనధికార యాప్‌నే. ఆత్మకూరు, ఉదయగిరి ఆర్టీసీ డిపోల బస్సు వేళలు చెప్పే యాప్, 78 టీఎంసీల సోమశిల జలాశయంలో నీటిమట్టం చూపే యాప్, ఉదయగిరి చెక్క సామాను అమ్మిపెట్టే యాప్ వంటివి ఇక్కడి విద్యార్థులే చేయదగినవి. ఎక్కడో నగరంలో కూర్చున్నవానికి వీటి అవసరం తెలియదు.

ఇందుకు రూటింగ్ అక్కరలేదు. ఆండ్రాయిడ్ స్టూడియో అనే సాధనం ఉచితం. కంప్యూటరు చిన్నదైతే బ్రౌజరులోనే నడిచే ఎంఐటీ యాప్ ఇన్వెంటర్‌తో మొదలుపెట్టవచ్చును. ఫోను సెట్టింగులలో "బిల్డ్ నంబర్" మీద ఏడుసార్లు తడితే డెవలపర్ సౌకర్యాలు తెరుచుకుంటాయి. కేబులు కలిపి తన యాప్‌ను తన ఫోనులోకి ఎక్కించుకోవచ్చును. పని ముగిశాక ఆ సౌకర్యాలను మూసివేయటం మరువరాదు. ఐఫోనుకైతే మాక్ కంప్యూటరు అవసరం. ఉచిత ఖాతాతో ఎక్కించిన యాప్ ఏడు రోజులే నడుస్తుంది.

గూగుల్ దుకాణంలో పెట్టాలంటే ఒకేసారి 25 డాలర్లు చెల్లించాలి. ఆపిల్‌కు ఏడాదికి 99 డాలర్లు. పైగా కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిచినవారు 12 మందితో 14 రోజులపాటు యాప్‌ను పరీక్ష చేయించాలని గూగుల్ నిబంధన. హాస్టలు గదిలో స్నేహితులు తోడైతే ఇది తీరని షరతు కాదు.

అయితే మరొక మార్పు రానున్నది. దుకాణం బయట యాప్‌లు పంచేవారు కూడా తమ వివరాలను ధ్రువపరచుకోవాలని గూగుల్ 2025 ఆగస్టులో ప్రకటించింది. 2026 సెప్టెంబరు నుండి బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయిలాండ్‌లలో, 2027 నుండి క్రమంగా ఇతర దేశాలలో దీనిని అమలు జరపనున్నట్లు తెలిపింది. మోసగాళ్లను అరికట్టటానికే అని కంపెనీ అంటుండగా, స్వేచ్ఛ పోతుందని స్వతంత్ర రచయితలు అభ్యంతరం చెప్పారు. దరిమిలా విద్యార్థులకు, సరదాగా రాసేవారికి కొద్దిపాటి ఫోన్లకు పరిమితమైన ప్రత్యేక ఖాతా ఇస్తామని అదే ఏడాది నవంబరులో గూగుల్ పేర్కొన్నది. మన విద్యార్థులు ఈ నిబంధనలను ఇప్పటి నుండే గమనించుకోవటం మంచిది.

మన దేశంలో 2012 నాటి కాపీరైటు చట్ట సవరణలోని 65ఏ సెక్షను ప్రకారం, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో రక్షణ తాళాలను ఛేదించినవారికి రెండేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చును. ఇక్కడ ఉద్దేశమే ప్రధానం. నేర్చుకోవటానికి తన ఫోను తాళం తీయటం వేరు, సినిమాలు దొంగిలించి పంచటం వేరు.

పాటించవలసిన జాగ్రత్తలు

వాట్సాప్‌లో ఏపీకే అన్న చివరి అక్షరాలతో ఫైలు వస్తే తెరవరాదు. తెలిసినవారే పంపినా సరే, ఫోను చేసి "ఇది నువ్వు పంపిందేనా అబ్బయ్యా?" అని ఒక్క మాట అడగాలి. పథకం డబ్బు కొరకు యాప్ వేయమని ఎవరైనా చెబితే రైతు సేవా కేంద్రంలో గాని, సచివాలయంలో గాని విచారించుకోవాలి. పాత ఫోను కొన్నపుడు ముందుగా పూర్తిగా చెరిపించి, కొత్తగా మొదలుపెట్టాలి. దుకాణంలో ఫోను ఇచ్చేటపుడు ఏ పని చేస్తున్నారో అడిగి తెలుసుకోవాలి.

పొరపాటున వేసినట్లయితే వెంటనే ఇంటర్నెట్ ఆపి, సిమ్ తీసివేయాలి. మరొక ఫోను నుండి బ్యాంకుకు, 1930 నంబరుకు తెలియజేయాలి. ఎంత త్వరగా చెబితే డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ. ఆధారం కొరకు వచ్చిన సందేశాన్ని ఫోటో తీసి ఉంచుకోవాలి. ఆ తరువాత ఫోనును పూర్తిగా చెరిపించాలి. సిమ్ తిరిగి వేశాక ##002# నొక్కితే కాల్స్ ఇతరులకు మళ్లే ఏర్పాటు ఏదైనా ఉంటే రద్దవుతుంది.

రాష్ట్ర ఐటీ మంత్రిగా 2019 నుండి 2022 ఫిబ్రవరిలో మరణించేవరకు పనిచేసిన మేకపాటి గౌతంరెడ్డి ఆత్మకూరు శాసనసభ్యులే. ఐటీ శాఖ పేరు ఈ ప్రాంతానికి కొత్త కాదు. కావలసినదల్లా ఆ పరిజ్ఞానం పల్లె దాకా రావటం. 2019 అక్టోబరులో సచివాలయ వ్యవస్థతోపాటే డిజిటల్ అసిస్టెంట్ల ఉద్యోగాలు వచ్చాయి. వారి చేత నెలకొకసారి రచ్చబండ వద్ద ఏపీకే ఫైళ్ల గురించి చెప్పిస్తే ఎందరో రైతుల కష్టార్జితం దక్కుతుంది. మరమ్మతు దుకాణదారులకు పోలీసు శాఖ ఒక పూట శిక్షణ ఇస్తే వారే ఊరికి కావలిదారులవుతారు. కళాశాలలు యాప్‌ల తయారీని తరగతిలోనే నేర్పితే, కుతూహలం గల కుర్రవాడు దొడ్డిదారులు వెదకడు. సంబంధిత అధికారులు, కళాశాలల యాజమాన్యాలు ఈ దిశగా తక్షణం చర్యలు గైకొనవలసి ఉన్నది.