తివాచీ క్రింది మెట్టు కిర్రుమంటే

బీదరు కోటలోని రంగీన్ మహల్‌లో చెక్కడపు పనితనము గల కొయ్య స్తంభాలు నేటికీ నిలిచి ఉన్నాయి. మంచి కొయ్య అంత త్వరగా చెడదు. ఇళ్ళలో మేడకు ఎక్కే చెక్క మెట్లు కిర్రుమనడానికి కారణం సాధారణంగా కొయ్య కాదు, దాని అతుకులు.

ఈ ప్రాంతంలో జూన్ నుండి సెప్టెంబరు వరకు వాన గాలికి కొయ్య తేమ పీల్చి ఉబ్బుతుంది. వేసవిలో ఎండి ముడుచుకుంటుంది. ఏటేటా ఇలా జరుగగా మేకు పట్టు సడలి, పలకకు పలకకు నడుమ సందు ఏర్పడుతుంది. కాలు మోపినప్పుడు పలక దిగి, మేకును ఒరసికొని లేస్తుంది. ఆ ఒరపిడే కిర్రుమనే చప్పుడు. తివాచీ పరిస్తే అది కొంత అణగుతుంది గాని సందు పూడదు. పైగా పగులు ఉంటే కంటికి కనబడదు.

కనుక మొదట చోటు కనిపెట్టాలి. రాత్రి సద్దుమణిగాక ఒకరు మెల్లగా మెట్లెక్కుతుంటే మరొకరు క్రింద నిలబడి విని, సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. చాలా ఇళ్ళలో మెట్ల క్రింద ధాన్యపు బస్తాలు పెడతారు. వాటిని తొలగిస్తే పని సగం అయినట్లే. ఒక అంచు పలుచగా చెక్కిన కొయ్య ముక్కకు ఫెవికాల్ పూసి సందులో దూర్చాలి. మే నెలలో సందు బాగా వెడల్పుగా ఉంటుంది. అప్పుడు సుత్తితో బిగగొడితే వానకాలంలో కొయ్య ఉబ్బి, ఆ ముక్కే పలకను పైకి నెడుతుంది. చేతితో నొక్కినంత బిగువు చాలు. అడ్డపలక, నిలువుపలక కలిసే మూలలో చిన్న దిమ్మెను మరమేకులతో బిగిస్తే ఇంకా గట్టి. మరమేకు మొన మాత్రం పైకి పొడుచుకు రాకూడదు. పలక మందం ముందే కొలవాలి.

క్రింద మూసి ఉంటే పైనుండే చేయాలి. తివాచీ మీదుగానే డ్రిల్లు దించితే నూలు చుట్టుకొని వరుసంతా ఊడివస్తుంది. అంచు మేకులు తీసి, తివాచీని మడచి, మరమేకు కన్న సన్నని రంధ్రం చేసి బిగించాలి. పాత టేకుకు ఈ రంధ్రం తప్పనిసరి, లేకుంటే పలక చీలుతుంది. పాత మేకునే మళ్ళీ కొట్టడం కొద్ది రోజుల ముచ్చటే. టాల్కం పౌడరు చల్లితే కొన్నాళ్ళు చప్పుడు తగ్గుతుంది. నూనె వద్దు, తివాచీకి మరక, దానికి దుమ్ము.

ఇంతకన్నా ముఖ్యమైనది ఒకటి ఉంది. తివాచీ ఎత్తినప్పుడు పలకను మొలతో పొడిచి చూడాలి. మొల సులభంగా దిగినా, తట్టితే బోలుగా మ్రోగినా, మట్టి గీతలు కనబడినా చెదలు పట్టిందని అనుమానించాలి. అటువంటి మెట్టుకు మరమేకు బిగించి చప్పుడు మాన్పితే, ఇంటి పెద్దలకు అందే హెచ్చరికను మాన్పినట్లే. వడ్రంగిని పిలిచి ఆ పలక మార్పించేవరకు మేడ మీద పడకలు వేయకుండా, మెట్లకు అడ్డుగా ఒక బల్ల పెట్టి ఉంచాలి.