చేలో దొరికే పండుగ బొమ్మలు

పుష్యమాసము వచ్చేసరికి గుంటూరు, ప్రకాశం సీమల నల్లరేగడి పొలాలలో రెండు పనులు ఒక్కసారిగా మీద పడతాయి. పత్తి చివరి తీతలు ఒకవైపు, మిరప తొలి కోతలు ఇంకొకవైపు. 2022లో పల్నాడు, బాపట్ల వేరు జిల్లాలై హద్దులు మారినవి గాని, నేల మారలేదు, పని మారలేదు. తెల్లవారకముందే సద్దిమూట కట్టుకొని చేనికి బయలుదేరిన తల్లి ప్రొద్దు గుంకే వేళకు గాని ఇల్లు చేరదు. పెద్దపిల్లలకు బడి సెలవులు. వారు గాలిపటాలతో వీధి పట్టిపోతారు. ఇక నాయనమ్మ ప్రక్కన అరుగుమీద కూర్చొని దారివైపు చూచే మూడు నాలుగేండ్ల పసిబిడ్డ ఉన్నది. ఆ బిడ్డకు పండుగ అంటే ఏమిటి?

బజారునుండి ఒక బొమ్మ తెచ్చి చేతిలో పెడితే సరిపోదా అని అడుగవచ్చు. తేవచ్చు, తప్పు లేదు. అయితే ఆ బొమ్మను ఒక పూట ఆడి, రెండవ పూట మూలన పడవేయడము మనము చూస్తున్నదే. పసివానికి బొమ్మకంటె బొమ్మ పుట్టడము వింత. ప్రొద్దున ఆవు మేసిన చొప్ప సాయంకాలము బండి అయితే, నిన్నటి మట్టిముద్ద నేడు కొమ్ములు తొడిగితే, ఆ మార్పును కళ్ళార చూచిన బిడ్డకు కలిగే ఆశ్చర్యము దుకాణములో అమ్మరు. దానికి కావలసిన సామగ్రి అంతా చేలోను, వంటయింటిలోను ఉన్నది. కావలసిన కాలము దీపాలు పెట్టిన తరువాత ఒక అరగంట.

కాని బొమ్మకు ముందు చేతుల సంగతి చెప్పుకోవాలి. పగలంతా మిరపకాయలు కోసిన చేతులు అవి. మిరపలోని మంటకు మూలమైన కాప్సైసిన్ అనే పదార్థము నీటిలో సరిగా కరుగదు, నూనెలో కరుగుతుంది. అందుచేత వట్టి నీళ్ళతో ఎన్నిసార్లు కడిగినా చేతికి మంట అంటుకొనే ఉంటుంది. ఆ చేతితో బిడ్డ ముఖము తుడిస్తే పండుగ ఏడ్పుతో మొదలవుతుంది. ముందుగా వంటనూనె కొంచెము తీసికొని వ్రేళ్ళ సందులలోను, గోళ్ళ చుట్టును బాగుగా రుద్ది, పాతగుడ్డతో తుడిచివేసి, ఆ తరువాత సబ్బుతో రెండుసార్లు కడగండి. చేనికి కట్టుకొన్న చీర మార్చుకొనిన తరువాతనే బిడ్డను ఒడిలోనికి తీసికోండి. ఒకవేళ కంటికి కారము తగిలితే నలుపనీయక, శుభ్రమైన నీటిని ధారగా పోస్తూ చాలసేపు కడగాలి. మంట తగ్గకపోతే వైద్యునికి చూపాలి. ఎర్రగా నిగనిగలాడే పండుమిరపకాయలను దండ గ్రుచ్చి బొమ్మల కొలువుకు తోరణము కట్టాలని కొందరికి ముచ్చట కలుగుతుంది. చూడ చక్కనిదే గాని, పసిబిడ్డ చేయి అందే ఎత్తున మాత్రము వద్దు.

చేతులు శుభ్రమైనవి గనుక చొప్పబెండుతో ఆరంభిద్దాము. ఎండిన జొన్నదంటు ఒకటి తీసికొని పైపొరను ఈనెలుగా చీలిస్తే లోపల తెల్లని, తేలికైన బెండు బయటపడుతుంది. మొక్కజొన్న దంటులోను ఇటువంటి బెండే ఉంటుంది. దానిని ముక్కలుగా కోసి, ఈనెలనే మేకులుగా గ్రుచ్చి అతికిస్తే జిగురు అవసరము లేకుండ బండి, కాడి, కుర్చీ, మంచము, కళ్ళజోడు ఏదైనా తయారవుతుంది. ఆరంగుళాల బెండు నిలువుగా పెట్టి, రెండు అడ్డముక్కలు గ్రుచ్చి, చివరల నాలుగు గుండ్రని బిళ్ళలు తగిలిస్తే బండి. బిళ్ళలోని రంధ్రము ఈనెకంటె కొంచెము పెద్దదిగా ఉంటేనే చక్రము తిరుగుతుంది, బిగుతుగా ఉంటే ఈడ్చుకొనిపోతుంది. దంటు పైపొర అంచు కత్తివలె వ్రేలు కోస్తుంది. కనుక చీల్చే పని పెద్దవారిది, గ్రుచ్చే పని పిల్లవానిది. మెత్తని బెండులో పుల్ల దిగేటప్పుడు వాని ముఖము చూడండి. కళ్ళజోడు చేసి తాతగారి ముక్కుమీద పెట్టిన పిల్లవాడు ఆ పూటకు ఇంక వేరే ఆట అడుగడు.

తాటాకు గిరక కూడ ఇటువంటిదే. జానెడు పొడవు, రెండు వ్రేళ్ళ వెడల్పుగల లేత తాటాకు పట్టీలు రెండు తీసికొని, కాసేపు నీళ్ళలో నానబెట్టి, కూడికగుర్తువలె ఒకదానిమీద ఒకటి పెట్టి నడుమ చీపురుపుల్ల గ్రుచ్చాలి. మన చిన్ననాడు తుమ్మముల్లు గ్రుచ్చేవారము. పసిబిడ్డ చేతికి అది తగదు. నాలుగు రెక్కలకును ఒక్కొక్క అంచును ఒకే వరుసలో వెనుకకు వంచడములో ఉన్నది కిటుకంతా. ఒక రెక్క ఇటు, ఒక రెక్క అటు వంగితే గాలి వాటిని ఎదురెదురుగా నెట్టి గిరకను నిలబెట్టివేస్తుంది. అన్నీ ఒకే వైపునకు వంగితే బిడ్డ పరుగెత్తిన కొలది గిరగిర తిరుగుతుంది. పుల్ల వెనుకకొనకు బెండుముక్క పిడిగా తగిలించి, ముందుకొన కూడ గ్రుచ్చుకొనకుండ చిన్న బెండు తొడగండి.

మట్టిబొమ్మల దగ్గర మన నేల ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. నల్లరేగడిమట్టి చేతిలో వెన్నవలె మెదుగుతుంది. దానితో ఎద్దును చేసి ఎండలో పెడితే సాయంకాలానికి నడుము విరిగి, మెడ చీలి ఉంటుంది. బిడ్డ కంట నీరు, తల్లికి విసుగు. తప్పు చేతిది కాదు. ఈ మట్టిలో మాంట్‌మోరిల్లొనైట్ జాతి బంక అధికము. అది పొరలమధ్యకు నీరు పీల్చుకొని ఉబ్బుతుంది, ఆరినప్పుడు ఒక్కుమ్మడిగా కుంగిపోతుంది. వేసవిలో చేలు నెర్రెలు విచ్చడానికి కారణము ఏదో, ఎద్దు మెడ విరగడానికి కారణము కూడ అదే. దీనికి విరుగుడు సులభము. మట్టిలో దాదాపు సమముగా జల్లించిన సన్న ఇసుక కలపండి. చేతితో విడదీసిన పత్తిపోగులు గుప్పెడు సన్నగా త్రుంచి పిసకండి. పోగులు మట్టిని లోపలినుండి పట్టి ఉంచుతాయి. బొమ్మను ఎండలో గాక నీడలో, తడిగుడ్డ కప్పి, రెండు మూడు రోజులు నిదానముగా ఆరనీయండి. చెరువుమట్టి దొరికే ఊరివారికి ఈ శ్రమ తక్కువ. కుమ్మరి ఇంటికి వెళ్ళి ఒక ముద్ద అడిగినా ఇస్తాడు. కొమ్ములు, తోక విడిగా చేసి తరువాత అంటించేకంటె, ఒకే ముద్దనుండి లాగితే ఊడిపోవు. ఎద్దు గేదెవలె ఉన్నదని నవ్వకండి. పిల్లవాడు అది ఎద్దు అన్నాడు గనుక అది ఎద్దే.

విరిగిన బొమ్మను అతుకవలసి వస్తే కొండపల్లి పనివారు మనకు దారి చూపుతారు. వారు తెల్లపొనికి కర్రతో అవయవాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఇంటిలో చింతగింజలను వేయించి, పొట్టు తీసి, మెత్తగా దంచి నీటిలో ఉడికిస్తే చిక్కని జిగురు వస్తుంది. కాగితానికి, గుడ్డకు, బెండుకు ఇది చాలును. రెండు రోజులకంటె నిలువ ఉండదు గనుక కొంచెము కొంచెముగా కాచుకోండి.

ఇక అసలైన మాయ పసుపుడబ్బాలో ఉన్నది. దుగ్గిరాల పసుపు సంత మన సీమలోనే ఉన్నది గదా, పసుపునకు కరవు లేదు. పసుపులోని రంగుపదార్థము క్షారము తగిలితే ఎర్రబారుతుంది. పసుపు, సున్నము కలిపి పారాణి చేసే అమ్మమ్మలకు ఇది ఎన్నడో తెలుసు. పిల్లల ఆటకు సున్నము వద్దు, కంటికి ప్రమాదము. ఒక చెంచా వంటసోడాను అరగిన్నె నీటిలో కరిగించి, పుల్లకు దూది చుట్టి, తెల్లకాగితముమీద బిడ్డ పేరుగాని, చిలుక బొమ్మగాని గీయండి. ఆరిన తరువాత అక్కడ ఏమీ కనబడదు. భోగినాడు ప్రొద్దున ఆ తెల్లకాగితమును బిడ్డ చేతికిచ్చి, పసుపునీళ్ళలో ముంచిన దూదితో తుడువమనండి. పచ్చని కాగితముమీద ఎర్రని చిలుక లేచి వస్తుంది. ‘అమ్మా, ఇది ఎక్కడనుండి వచ్చింది?’ అని అడుగుతుంది బిడ్డ. వెంటనే చెప్పివేయకండి. నిమ్మరసము చుక్క వేస్తే ఆ ఎరుపు మరల పసుపవుతుందని చూపించి, మరికొంచెముసేపు ఆశ్చర్యపడనీయండి. రాయను చదువను రాని తల్లికి కూడ చిలుకను గీయడము వచ్చును గదా.

పండుగకు వారము పదిరోజులు ముందుగా మొదలుపెట్టవలసినది కొబ్బరిచిప్ప తాత. కళ్ళున్న చిప్పను ఏరి, మెత్తని కంటిని పొడిస్తే నీరు దిగిపోవడానికి దారి ఏర్పడుతుంది. చిప్పను గుడ్డచుట్ట కుదురుమీద నిలిపి, ఇసుక కలిపిన మట్టి నింపి, పైన మెంతులు దట్టముగా చల్లి పలుచగా మట్టి కప్పండి. చిప్ప ముందువైపు బియ్యపుపిండి ముద్దతో కళ్ళు, ముక్కు, మీసము పెట్టండి. రోజుకు రెండు చెంచాల నీరు పోయడము బిడ్డ పని. రెండు మూడు రోజులలో మొలకలు తల ఎత్తుతాయి, పండుగనాటికి బట్టతల తాతకు పచ్చని జుట్టు వస్తుంది. కొలువులో చిన్న తోటగా కూడ దీనిని అమర్చవచ్చును. మన కోస్తా ఇండ్లలో కొలువు సంక్రాంతికే, కొందరు దసరాకు పెడతారు. గింజలు మాత్రము వంటయింటివే కావాలి. విత్తనపు సంచిలోని గింజలకు మందు పట్టించి రంగు వేస్తారు. ఆ రంగు చూచి ముచ్చటపడి బిడ్డ నోట వేసికొనగలదు.

ఈ మాట వచ్చింది గనుక ఇంకొకటి. పురుగుమందు డబ్బాల మూతలు చక్కగా గుండ్రముగా ఉంటాయి, చక్రాలకు సరిగా సరిపోతాయి. అందుకే పిల్లలు వాటిని ఏరుకొంటారు. ఎన్ని నీళ్ళతో కడిగినా అవి బొమ్మకు పనికిరావు. చేలో పడి ఉన్నవాటిని బిడ్డ కంటపడకుండ తీసివేయడము ఇంటి మగవారు చేయవలసిన పండుగపని. అట్లే గురివింద గింజలు. ఎర్రని ఒంటిమీద నల్లని చుక్కతో అవి బొమ్మకు కళ్ళుగా పెట్టడానికే పుట్టినవా అన్నట్లుంటాయి. మన పెద్దలు పెట్టినారు కూడ. కాని వాని లోపల అబ్రిన్ అనే ఘోరమైన విషమున్నది. గట్టి పెంకు ఉన్నంతవరకు ఒక విధము. సూదితో పొడిచినా, బిడ్డ కొరికినా ప్రాణాపాయము. ఆముదపు గింజలు కూడ ఆ కోవలోనివే.

అందుచేత గుడ్డబొమ్మకు కళ్ళు నల్లదారముతో కుట్టండి. గుండీలు, పూసలు సయితము ఊడి గొంతులో అడ్డుపడగలవు. గింజపత్తి తూకములో దాదాపు మూడవ వంతు మాత్రమే దూది. కనుక 100 గ్రాముల దూదికి 300 గ్రాముల పత్తి కావాలి. జానెడు బొమ్మకు ఒక గుప్పెడు దూది చాలును. తీసిన గింజలు పిల్లవాని నోటికి అందనీయకండి. పాత నేతచీర చెంగు మెత్తగా ఉంటుంది, అందులో అమ్మ వాసన కూడ ఉంటుంది. కుట్టడానికి తీరిక లేకపోతే దూదిని గుడ్డలో మూటకట్టి బంతి చేసి, దారముతో దూలానికి వ్రేలాడదీయండి. 1837లో జర్మనీ దేశములోని బ్లాంకెన్‌బుర్గ్‌లో శిశువిద్యాలయము తెరచిన ఫ్రోబెల్ పండితుడు పసివారికి ఇవ్వదగిన కానుకలలో మొదటిదిగా ఎంచినది దారము కట్టిన మెత్తని రంగుబంతినే. మన పత్తిసీమలో దానికి ఉన్నితో పని లేదు.

భోగిపిడకల దండ సంగతి అందరికిని తెలిసినదే. ధనుర్మాసములోనే బిడ్డ అరచేతి ప్రమాణములో పిడకలు తట్టి, నడుమ వ్రేలితో రంధ్రము చేసి, ఎండిన తరువాత త్రాట గ్రుచ్చాలి. మంటలో వేసేటప్పుడు బిడ్డను ఎత్తుకొన్న పెద్దవారే వేయాలి. భోగిపళ్ళలో నాణెములు, శనగలు, రేగుపండ్ల గింజలు నోటిలోనికి పోకుండ, పోసిన వెంటనే చాపను ఎత్తివేయడము మంచిది. ఆ పళ్ళమధ్య ఆకుపొట్లములో కట్టిన చొప్పబెండు బండి ఒకటి దాచి ఉంచితే, వెదకి తీసిన బిడ్డకు అదే పెద్ద నిధి.

కనుమనాడు ఇంటి పశువులను కడిగి, కొమ్ములకు రంగు పూసి, మెడలో దండలు వేస్తారు గదా. తన మట్టి ఎద్దునకు కూడ పిల్లవాడు అదే మర్యాద చేయబోతాడు. పసుపు, కుంకుమ పెట్టేవరకు బాగానే ఉంటుంది. తరువాత చెంబెడు నీళ్ళు పోసి స్నానము చేయిస్తాడు. కాల్చని మట్టి కరిగిపోతుంది. చేసేనాడే రెండు ఎద్దులను చేసి, ఒకదానిని అటకమీద దాచి ఉంచండి.