మోర్మనులు: వారి చరిత్రము, విశ్వాసము, ఆచారములు

గత సంవత్సరము బైబిలు తరగతి ముగిసిన పిమ్మట ఒక విద్యార్థి నా యొద్దకు వచ్చి, "అయ్యా, మోర్మనులు క్రైస్తవులేనా?" అని యడిగెను. అతని పినతండ్రి కుటుంబము హైదరాబాదులో ఆ సంఘమున చేరినదట. నాటి నుండి బంధువులలో కొందరు వారి యింటికి పోవుట మానిరట. ఒక్క మాటతో ఉత్తరమిచ్చి ఆ బాలుని పంపివేయుట సులభమే. కాని ఎరుగని వారిని గూర్చి ఒక్క మాటతో తీర్పు చెప్పుట న్యాయము కాదు. అందుచేత ఆ ప్రశ్నకు తగిన జవాబు ఈ పత్రిక మూలముగా వ్రాయుచున్నాను.

మోర్మనులను పేరు ఇతరులు పెట్టినది. వారి సంఘము యొక్క సంపూర్ణ నామము కడవరి దిన పరిశుద్ధుల యేసు క్రీస్తు సంఘము. తమ్మును ఆ పేరుతోనే పిలువవలెనని 2018లో వారి పెద్దలు కోరిరి. జనులకు పరిచితమైనది గనుక పాత పేరునే ఇచ్చట వాడితిని.

ఈ సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్. అతడు 1805 డిసెంబరు 23వ తేదీన అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రమున ఒక బీద కుటుంబములో జన్మించెను. పిమ్మట ఆ కుటుంబము న్యూయార్కు రాష్ట్రములోని పల్మైరా ప్రాంతమునకు తరలిపోయెను. ఆ దినములలో అచ్చట ఉజ్జీవ సభలు ముమ్మరముగా జరుగుచుండెను. మెథడిస్టులు, బాప్టిస్టులు, ప్రెస్బిటీరియనులు ఎవరికి వారు తమ సంఘమే సరియైనదని బోధించుచుండగా, ఎందులో చేరవలెనో తెలియక ఈ బాలుడు కలవరపడెను. తెలివి కావలసినవాడు దేవునినే అడుగవలెనను హితవును యాకోబు పత్రికలో చదివి, 1820లో ఒక తోపులోనికి పోయి ప్రార్థించెననియు, తండ్రియైన దేవుడును యేసు క్రీస్తును కనబడి ఏ సంఘములోను చేరవద్దని చెప్పిరనియు అతడు తరువాతి కాలమున వ్రాసెను.

మొరోనై అను దేవదూత చూపగా, 1827లో సమీపమందలి గుట్టలో నుండి బంగారు రేకుల మీద చెక్కిన గ్రంథము తనకు దొరికెనని అతడు చెప్పెను. దైవశక్తిచేత దానిని తర్జుమా చేసితినని అతడు ప్రకటించిన పుస్తకమే "మోర్మను గ్రంథము". అది 1830 మార్చిలో పల్మైరాలో 5,000 ప్రతులుగా అచ్చయ్యెను. క్రీస్తునకు పూర్వము 600 సంవత్సరముల ప్రాంతమున యెరూషలేము విడిచిన ఒక కుటుంబము ఓడనెక్కి అమెరికా చేరెననియు, పునరుత్థానుడైన క్రీస్తు వారి సంతతికి దర్శనమిచ్చెననియు అందున్నది. రేకులను చూచితిమని పదునొకండుగురు సాక్ష్యము వ్రాసియిచ్చిరి. రేకులను దేవదూత తిరిగి తీసికొనెనని స్మిత్ చెప్పెను. ఆ గ్రంథము వర్ణించు జనములకు ఆనవాళ్లేవియు ఆ సంఘమునకు వెలుపలి చరిత్రకారులు కనుగొనలేదు. కావున దానిని నమ్ముట వారికి కేవలము విశ్వాస విషయము.

1830 ఏప్రిలు 6వ తేదీన ఆరుగురు సభ్యులతో సంఘము స్థాపింపబడెను. దానితో కష్టములును ఆరంభమయ్యెను. వారు ఒహాయోలోని కర్ట్‌లాండునకు పోయి 1836లో తమ మొదటి ఆలయమును ప్రతిష్ఠించిరి. మిస్సోరీ రాష్ట్రములో స్థిరపడిన వారిని పొరుగువారు సహింపలేదు. వారందరు ఒక్కచోట గుమిగూడి భూములు కొనుటయు, ఒక్క కట్టుగా వోట్లు వేయుటయు చూచి తక్కినవారు భయపడిరి. 1838 అక్టోబరు 27న ఆ రాష్ట్రపు గవర్నరు, వారిని నిర్మూలము చేయవలెను, లేదా వెళ్లగొట్టవలెనని ఆజ్ఞ వ్రాసెను. మూడు దినములకే హాన్స్ మిల్లు అనుచోట ఒక గుంపు 17 మందిని చంపెను. ఆ ఆజ్ఞ 1976లో గాని రద్దు కాలేదు.

అచ్చటి నుండి వారు ఇల్లినాయి రాష్ట్రమునకు పారిపోయి మిసిసిపీ నదీతీరమున నావూ అను పట్టణమును కట్టిరి. ఇచ్చటనే స్మిత్ రహస్యముగా బహుభార్యాత్వమును ప్రవేశపెట్టెను. సంఘమును విడిచిన కొందరు దీనిని బయలుపరచుచు 1844 జూనులో ఒక పత్రికను ప్రకటింపగా, నగరాధికారియు నైన స్మిత్ దాని ముద్రణశాలను ధ్వంసము చేయించెను. అందుకై అతనిని కార్తేజి చెరసాలలో నుంచిరి. జూను 27న అల్లరిమూక చెరసాల మీదబడి అతనిని, అన్నయగు హైరమును కాల్చి చంపెను.

పిమ్మట బ్రిగం యంగు నాయకుడై 1846 ఫిబ్రవరి చలిలో జనులను పడమటికి నడిపించెను. 1847 జూలై 24న అతడు యూటా ప్రాంతమున ఉప్పు సరస్సు లోయ చేరెను. 1869లో రైలు మార్గము పూర్తియగు వరకు దాదాపు 70,000 మంది ఆ దారిని పోయిరి. ఎద్దుల బండ్లకు సొమ్ము లేనివారు చేతితో లాగు బండ్లలో సామానులు పెట్టుకొని నడిచిరి. 1856లో ఆలస్యముగా బయలుదేరిన రెండు గుంపులు వయోమింగు మంచులో చిక్కుకొనగా, 200 మందికి పైగా మరణించిరి. ఈ వార్త అక్టోబరు మహాసభ వేళ బ్రిగం యంగునకు తెలిసెను. అతడు ప్రసంగములను ప్రక్కనబెట్టి బండ్లు, పిండి, దుప్పట్లు, బండ్లు తోలు మనుష్యులు కావలెనని కోరెను. రెండు దినములలో మొదటి బండ్లు కొండలలోనికి సాగిపోయెను. మిగిలినవారిని వారే బ్రదికించి తెచ్చిరి.

ఇంత బాధ అనుభవించిన జనులు ఇతరులను బాధింపరని మనము తలంతుము. అట్లు జరుగలేదు. మరుసటి సంవత్సరమే, అనగా 1857 సెప్టెంబరు 11న, అమెరికా సైన్యము తమపైకి వచ్చుచున్నదను భయముతో మండుచున్న దక్షిణ యూటా మోర్మనులు కొందరు, కాలిఫోర్నియాకు పోవు బాటసారుల గుంపును మౌంటెన్ మెడోస్ అనుచోట అడ్డగించిరి. కాపాడుదుమని మాటయిచ్చి, ఆయుధములు విడిపించి, దాదాపు 120 మందిని వధించిరి. 17 మంది పసిపిల్లలు మాత్రమే మిగిలిరి. ఇందుకై 1877లో జాన్ లీ యను ఒక్కనికే మరణశిక్ష పడెను. 150 సంవత్సరములు గడచిన పిమ్మట, 2007లో, ఆ సంఘము అచ్చటనే తన విచారమును ప్రకటించెను. హింసింపబడుట ఎవనిని నీతిమంతునిగా చేయదనుటకు ఇంతకన్న నిదర్శనము వలదు.

వారు 1852లో బహిరంగముగా ఒప్పుకొనిన బహుభార్యాత్వము ప్రభుత్వముతో దీర్ఘకలహమునకు కారణమయ్యెను. 1890లో అధ్యక్షుడు విల్ఫర్డ్ వుడ్రఫ్ దానిని విడువవలెనని ప్రకటించెను. ఇప్పుడు అట్టి వివాహము చేసికొనువానిని సంఘమునుండి వెలివేయుదురు. ఆఫ్రికా సంతతి పురుషులకు యాజకత్వము 1978 వరకు నిరాకరింపబడెను.

ఇక వారి విశ్వాసము. వారు బైబిలును చదువుదురు; క్రీస్తును రక్షకుడని ఒప్పుకొందురు; ఆయన నామమున ప్రార్థింతురు. అయితే బైబిలుతో కూడ మోర్మను గ్రంథము మొదలగు మరి మూడు గ్రంథములను లేఖనములుగా నెంచుదురు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒక్క దేవుడని మనము నమ్ముచుండగా, వారు ముగ్గురును వేర్వేరు వ్యక్తులనియు, తండ్రికి మాంసమును ఎముకలును గల దేహమున్నదనియు మోర్మనులు బోధింతురు. మనుష్యులు పుట్టకమునుపే ఆత్మలుగా దేవునియొద్ద నుండిరనియు, ఆలయములో జరిగిన వివాహము మరణముతో తెగదనియు, బాప్తిస్మము లేక చనిపోయిన పూర్వికుల పక్షముగా బ్రదికియున్నవారు బాప్తిస్మము పొందవచ్చుననియు వారి నమ్మిక. అందుచేతనే వారు వంశావళులను అంత శ్రద్ధతో సేకరింతురు.

వారి ఆచారములలో కొన్ని గమనింపదగినవి. పిల్లలకు ఎనిమిదవ యేట ముంచి బాప్తిస్మమిత్తురు. ప్రతి ఆదివారము రొట్టెయు, ద్రాక్షారసమునకు బదులు నీరును పుచ్చుకొందురు. మద్యము, పొగాకు, టీ, కాఫీలు ముట్టరు. రాబడిలో పదియవ వంతు సంఘమునకిత్తురు. నెలకొక దినము రెండుపూటలు ఉపవసించి, ఆ భోజనపు ఖర్చును బీదలకొరకు ఇత్తురు. స్థానిక సంఘములను జీతము లేని పెద్దలే నడుపుదురు. యువకులు అనేకులు రెండేండ్లు మిషనరీలుగా పనిచేయుదురు.

అట్టి మిషనరీలలో రిచర్డు బాలంటైను 1853లోనే మద్రాసులో దిగెను. 1849 డిసెంబరులో ఉప్పు సరస్సు లోయలో వారి మొదటి ఆదివారపు బడిని పెట్టినవాడు అతడే. మద్రాసులో ఫలము కొద్దియే గాగా 1854లో వెడలిపోయెను. 1978లో, సమోవా దీవులలో ఆ సంఘమున చేరిన ధర్మరాజు దంపతులు హైదరాబాదుకు వచ్చి తమ బంధువులకు బోధించిరి. 1982లో మోర్మను గ్రంథములోని కొన్ని భాగములు తెలుగున అచ్చయ్యెను. 2012లో, ఒక్క ప్రాంతమందలి పలు స్థానిక సంఘములు కలిసిన వారి మండలి, భారతదేశములో మొదటిది, హైదరాబాదులోనే ఏర్పడెను.

ఇప్పుడు ఆ విద్యార్థి ప్రశ్నకు వత్తును. వారు తమ్మును క్రైస్తవులనియే చెప్పుకొందురు. మనవంటి సంఘములనేకము వారి బోధను అంగీకరింపవు. రోమను కాథలిక్కు సంఘము వారి బాప్తిస్మము చెల్లదని 2001లో తీర్మానించెను. దేవుని స్వరూపమును గూర్చియు, లేఖనముల సంపూర్ణతను గూర్చియు వారికిని మనకును గల భేదము చిన్నది కాదు. ఆ భేదమును నేను దాచను. నా విశ్వాసమును మార్చుకొనను.

అయినను, నాయనా, నీ పినతండ్రి యింటికి పొమ్మనియే నీకు చెప్పుదును. వారు టీ ఇయ్యకున్నచో మంచినీళ్లు త్రాగుము. నీవు నమ్మినదేదో, ఎందుకు నమ్మితివో తెలిసికొని, అడిగినప్పుడు నెమ్మదిగా చెప్పుము. పొరుగువారు గుమ్మము మూసినందున మిస్సోరీలో ఏమి జరిగెనో, భయము హృదయములో నిండినందున యూటాలో ఏమి జరిగెనో చదివితివి. సత్యమును నిలుపుటకు ద్వేషము అవసరము లేదు.