నకలులో వేగమూ, వరుసా

రేడియోలోగాని, చేతిలోని ఫోనులోగాని వినిపించే పాట మన చెవిని చేరేలోగా ఎన్ని చేతులు మారి వస్తున్నదో మనం సాధారణంగా ఆలోచించము. గాయకుని కంఠం మైక్రోఫోనులో విద్యుత్తుగా మారుతుంది. ఆ విద్యుత్తును యంత్రం సెకనుకు 48,000 మారులు కొలిచి అంకెలుగా వ్రాసుకొంటుంది. ఒక్కొక్క కొలతకు రెండు బైట్లు. కుడి యెడమలకు రెండు వరుసలు. వెరసి సెకనుకు 1,92,000 బైట్లు. ఈ అంకెలు మెమరీలో ఒకచోటినుండి మరొకచోటికి నకలు అవుతూ అవుతూ చివరకు స్పీకరును చేరుకొంటవి.

నకలు మాకు కొత్త కాదు. నేను ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళలో టేపునుండి టేపుకు ఎక్కించిన ప్రతిసారీ కొంత గరగర తోడయ్యేది. అంకెల నకలులో ఆ దోషం లేదని మేమందరం సంతోషించాము. మొన్న మా వీధి కుర్రవాడొకడు తన పెట్టె తెచ్చి వినిపించేవరకు నా సంతోషానికి లోటు రాలేదు.

మా ఇల్లు యాకుత్‌పురా స్టేషనుకు దగ్గర. రైలు పోతున్నంతసేపూ వార్తలు వినబడవు. ఇంజనీరింగు చదువుతున్న ఆ కుర్రవాడు దీనికొక ఉపాయం కనిపెట్టినాడు. అరచేయంత రాస్బెరీ పై 4 అనే కంప్యూటరు పలకలో, రేడియో చెప్పిన చివరి పది సెకన్ల మాట ఎల్లప్పుడూ నిలిచి ఉంటుంది; మీట నొక్కితే మరల వినిపిస్తుంది. పది సెకన్లు అనగా పావు సెకను తునకలు నలభై. కొత్త తునక వచ్చినప్పుడెల్లా మొదటి తునకను తీసివేసి, తక్కిన ముప్పైతొమ్మిదింటినీ ఒక్కొక్క స్థానం ముందుకు జరిపి, ఖాళీ అయిన చివరిచోట కొత్తదానిని ఉంచవలెను. ఈ జరిపే పనిని అతడు సిద్ధంగా దొరికే ప్రోగ్రాముకు వదలక, ప్రాసెసరుకు అర్థమయ్యే భాషలో స్వయంగా వ్రాసినాడు.

"సార్, వేగం పెరిగింది గాని మాట చెడింది. మీరే వినండి" అని మీట నొక్కినాడు. వార్తలు చదివేవారి నోటిలోని ఒక మాట తునక, పట్టిన పిశాచం వలె, పది సెకన్లపాటు అదే పనిగా వినబడింది.

ప్రాసెసరు మెమరీలోని వస్తువును నేరుగా మరొకచోటికి తోయదు. ముందు దానిని తనలోని రిజిస్టరు అనే చిన్న గదిలోనికి తెచ్చుకొంటుంది, పిదప అక్కడినుండి గమ్యస్థానంలో వ్రాస్తుంది. ఒకనాడు ఛత్తాబజారులో ఉర్దూ వ్రాతప్రతులకు నకలు తీసిన కాతిబులను తలచుకొనండి. అక్షరానికొకసారి మూలంవైపు తలయెత్తేవానికీ, పంక్తి పంక్తిగా మనసున నిలుపుకొని వ్రాసేవానికీ ఎంత భేదమో, బైటు బైటుగా నకలు తీసే ప్రోగ్రాముకూ మంచి ప్రోగ్రాముకూ అంత భేదం.

ఆ గది ఎంత పెద్దదైతే ఒక్క ప్రయాణంలో అంత సరుకు వస్తుంది. అయ్యగారి సాంబశివరావుగారి నాయకత్వాన 1967లో మన నగరంలో నెలకొన్న ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, 1970 దశకంలో తయారుచేసిన టీడీసీ-12 కంప్యూటరులో మాట పొడవు 12 బిట్లు. తరువాతి టీడీసీ-316లో 16 బిట్లు, అనగా రెండు బైట్లు. ఈ కుర్రవాని పలకమీది ఆర్మ్ ప్రాసెసరులో సాధారణ రిజిస్టరు 64 బిట్లు. జంటగా తెచ్చే ఆజ్ఞ ఒకటి ఉన్నది గనుక ఒక్క ఆజ్ఞతో 16 బైట్లు వస్తవి. వెక్టర్ రిజిస్టర్ల జంటను వాడితే 32.

అయితే పెద్ద దోసిళ్ళతో తోడినంతమాత్రాన పని ముగియదు. ప్రాసెసరుకు ప్రక్కనే కాష్ అనే చిన్న కొట్టు ఉంటుంది. ఇక్కడ దాని మొదటి అర 32 కిలోబైట్లు. మెమరీనుండి సరుకు ఆ కొట్టుకు 64 బైట్ల మూటలుగానే వస్తుంది. మనం అడిగినది రెండు మూటల సరిహద్దుమీద పడితే రెండింటినీ విప్పవలెను. కనుక పెద్ద నకళ్ళలో గమ్యస్థానాన్ని సరిహద్దుకు సర్దుకొని బయలుదేరుతారు.

నాకు మిక్కిలి నచ్చినది చిన్న నకళ్ళ ఉపాయం. ప్రోగ్రాములు కోరే నకళ్ళలో చాలా భాగం చిన్నవే. 23 బైట్లు జరపవలెననుకొందాము. పదహారు జరిపి, మిగిలిన ఏడింటిని నాలుగు, రెండు, ఒకటిగా పంచుకొనే లెక్కలకే కాలం పోతుంది. నేర్పరి అట్లు చేయడు. మొదటి పదహారును ఒక జంటలోకి, చివరి పదహారును మరొక జంటలోకి తెచ్చి, రెండింటినీ వ్రాసివేస్తాడు. నడుమ తొమ్మిది బైట్లు రెండుమారులు వ్రాయబడతవి. వ్రాసినది ఒకటే కనుక నష్టం లేదు. ఇదే ఉపాయం 17 మొదలు 32 వరకు ఏ పొడవుకైనా చెల్లుతుంది.

ఇక మన కుర్రవాని చిక్కు. అతడు చివరినుండి వెనుకకు లెక్కించుకొంటూ వచ్చినాడు. లెక్క సున్నాకు రాగానే ఆగవచ్చును గనుక పోల్చిచూచే ఆజ్ఞ ఒకటి మిగులుతుంది. ఆ పొదుపే కొంప ముంచింది. అయిదు పలకలమీద వరుసగా క, చ, ట, త, ప అని వ్రాసి పెట్టండి. ఒక్కొక్క అక్షరాన్నీ ఎడమ పలకమీదికి మార్చవలెను. ఎడమనుండి మొదలుపెడితే చ, ట, త, ప చక్కగా వస్తవి. కుడినుండి మొదలుపెడితే త మీద ప పడుతుంది. ఆ ప-యే తరువాతి పలకకూ పోతుంది. చివరకు అయిదింటిమీదా ప. నలభై తునకలలో ముప్పైతొమ్మిది ఒక్కటిగానే వినబడటానికి కారణమిదే. కుడివైపుకు జరపవలసివస్తే దీనికి విరుద్ధంగా కుడినుండియే మొదలుపెట్టవలెను.

సి భాషకు 1989లో ఏర్పడిన ప్రమాణం ఈ సంగతి ఎరిగినదే. మెమ్‌కాపీ అనే నకలు, మూలమూ గమ్యమూ ఒకదానిమీద ఒకటి పడనప్పుడే వాడదగినది. పడే అవకాశం ఉంటే మెమ్‌మూవ్ వాడవలెను. కాని మెమ్‌కాపీ ఎప్పుడూ ముందునుండియే పోతున్నంతకాలం, తప్పుగా వాడినవారికి తప్పు తెలియలేదు. 2010లో లినక్సులోని జి-లిబ్‌సి గ్రంథాలయంలో, కొన్ని ఇంటెల్ ప్రాసెసర్ల వేగంకోసం మెమ్‌కాపీని వెనుకనుండి నడిచేటట్లు తిరిగి వ్రాసినారు. ఫెడోరా 14 వాడేవారికి వెంటనే ఫ్లాష్‌లో పాటలు గరగరలాడినవి. ఆ ప్రోగ్రాము మెమ్‌కాపీని వాడరానిచోట వాడుతూవచ్చింది. తప్పెవరిదైనా చెడినది వినేవాని పాట కదా అని లినస్ టోర్వాల్డ్స్ వాదించినాడు. నా మనస్సు ఆయన పక్షమే. ప్రసారశాలలో పనిచేసేవాడు మరొకవిధంగా తలచలేడు. 2011లో వచ్చిన 2.14వ కూర్పులో పాత ప్రోగ్రాములకు పాత నడకనే మిగిల్చి, కొత్తగా తయారయ్యేవాటికి మాత్రమే కొత్తదానిని ఇచ్చినారు.

ఆర్మ్ సంస్థ ప్రచురించిన నకలు ప్రోగ్రాము ఒకటి ఈ భేదాన్నే తుడిచివేసింది. చిన్న నకళ్ళలో అన్నింటినీ ముందు రిజిస్టర్లలోనికి తెచ్చుకొని, పిదపనే వ్రాస్తుంది. కనుక ఏది దేనిమీద పడినా బాధలేదు. పెద్దవాటికి దిక్కు చూచుకొంటుంది. మెమ్‌కాపీకీ మెమ్‌మూవ్‌కూ ఒకే ద్వారం.

అసలు అతనికి అంత వేగం అవసరమా అని లెక్కవేసి చూచితిని. పది సెకన్ల మాట 19,20,000 బైట్లు; సెకనుకు నాలుగుమారులు జరిపితే సుమారు 77 లక్షలు. ఆ పలకకు అదొక లెక్కలోనిది కాదు. పైగా తునకలను జరపకుండా, మొదలెక్కడో గుర్తు పెట్టుకొని గుండ్రంగా తిరిగితే నకలే అక్కరలేదు. ఈ మాట చెప్పగా అతడు నవ్వి, "తెలుసు సార్. నకలు ఎట్లా నడుస్తుందో చూద్దామనే వ్రాశాను" అన్నాడు.

మరునాటికి దిక్కు మార్చి తెచ్చినాడు. స్టేషనులోకి రైలు వచ్చి పోయిన తరువాత మీట నొక్కినాము. వాతావరణ సూచన మొదటినుండి చివరిదాకా వినబడింది. చెడిన ప్రోగ్రామును మాత్రం అతడు చెరిపివేయలేదు. వేరొక పేరుతో తన పెట్టెలోనే దాచుకొన్నాడు.