డిఫెండర్ ఎప్పుడు కోచ్ అవుతాడు? నయీముద్దీన్ దారిలో తర్లగూడకు ఉన్న పాఠం

హైదరాబాద్ మీదుగా వచ్చే 163వ నంబరు జాతీయ రహదారి వరంగల్, ఏటూరునాగారం దాటి, గోదావరి వంతెన ఎక్కి దిగి ఛత్తీస్‌గఢ్‌లోకి ప్రవేశిస్తుంది. సరిహద్దు దాటగానే వచ్చే ఊళ్లలో ఒకటి తర్లగూడ. ఒకప్పుడు బస్తర్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు బీజాపూర్ జిల్లాలో ఉంది. రాష్ట్రం మారినా ఇక్కడ తెలుగు వినిపిస్తూనే ఉంటుంది.

2024లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 'బస్తర్ ఒలింపిక్స్' మొదలుపెట్టింది. బస్తర్ డివిజన్‌లోని ఏడు జిల్లాల యువతకు కబడ్డీ, ఖోఖో, విలువిద్య, ఫుట్‌బాల్ తదితర ఆటల్లో పోటీలు పెట్టారు. ఆ ఏడు జిల్లాల్లో బీజాపూర్ ఒకటి.

పోటీలు పెడితే ఆటగాళ్లు బయటికి వస్తారు. కానీ పోటీలు ముగిసిన మర్నాడు వాళ్లకు ఆట నేర్పేది ఎవరు? ఆడడం మానేసిన ఆటగాడు ఆ ఊరికి కోచ్‌గా ఎలా తిరిగొస్తాడు? ఈ ప్రశ్నలు వెతుక్కుంటూ అదే రోడ్డు మీద వెనక్కి వెళ్తే హైదరాబాద్ చేరతాం. దేశ ఫుట్‌బాల్‌కు ఒక గొప్ప డిఫెండర్‌ను, ఆ తర్వాత అదే మనిషిని ఒక పేరున్న కోచ్‌గా ఇచ్చిన నగరం అది. ఆయన పేరు సయ్యద్ నయీముద్దీన్.

రహీమ్ బడి

1944లో హైదరాబాద్‌లో పుట్టిన నయీముద్దీన్ 1960ల మొదట్లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు ఆడారు. అప్పట్లో ఆ జట్టు పేరు చెబితే దేశంలోని పెద్ద క్లబ్బులన్నీ జాగ్రత్తపడేవి. 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచిన జట్టది.

ఆ విజయాల వెనకున్న కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. వృత్తిరీత్యా ఆయన బడిపంతులు. ఆటగాళ్లు రెండు కాళ్లతోనూ ఆడగలగాలని, బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నాలన్న నిబంధనతో టోర్నమెంట్లు పెట్టిన మనిషి. ఆయన శిక్షణలో భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీ ఫైనల్ చేరింది.

1962 జకార్తా క్రీడల్లో రహీమ్ తీసుకున్న ఒక నిర్ణయం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీమ్ ఆయన్ను పక్కన కూర్చోబెట్టకుండా ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. ఫైనల్లో భారత్ దక్షిణ కొరియాపై 2-1తో నెగ్గింది. ఆ రెండు గోల్స్‌లో ఒకటి జర్నైల్ సింగ్‌దే. వెనక నిలబడి ఆట మొత్తాన్ని చూసే ఆటగాడికి ప్రత్యర్థి డిఫెండర్ ఎక్కడ తడబడతాడో కూడా తెలుస్తుందని ఆ గోల్ చూపించింది.

రహీమ్ 1963 జూన్‌లో కన్నుమూశారు. ఆయన తీర్చిదిద్దిన ఆటగాళ్లలో చివరి తరానికి చెందినవారు నయీముద్దీన్.

కోల్‌కతా పిలుపు

1966లో నయీముద్దీన్ కోల్‌కతాలోని ఈస్ట్ బెంగాల్ క్లబ్‌కు వెళ్లారు. హైదరాబాద్‌కే చెందిన ఫార్వర్డ్ మహమ్మద్ హబీబ్ కూడా అదే ఏడాది ఆ క్లబ్‌లో చేరారు. మైదానం నిండా జనం, పత్రికల్లో పతాక శీర్షికలు, ఆటగాడికి గుర్తింపు... ఇవన్నీ అప్పట్లో కోల్‌కతాలో దొరికేవి. ఆ తర్వాత నయీముద్దీన్ మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్‌లకు కూడా ఆడారు.

1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత జట్టుకు కెప్టెన్ ఆయనే. మూడో స్థానం కోసం జరిగిన మ్యాచ్‌లో జపాన్‌ను 1-0తో ఓడించి జట్టు కాంస్యం గెలుచుకుంది. ఆసియా క్రీడల పురుషుల ఫుట్‌బాల్‌లో భారత్‌కు దక్కిన చివరి పతకం అదే. అదే ఏడాది ఆయనకు అర్జున అవార్డు వచ్చింది.

కోచ్‌గా రెండో జీవితం

ఆట ముగిశాక నయీముద్దీన్ శిక్షణ వైపు మళ్లారు. 1990లో ఆయన కోచ్‌గా ఉన్న ఈస్ట్ బెంగాల్ ఒకే సీజన్‌లో ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్ కప్, రోవర్స్ కప్ మూడూ గెలిచింది. ఆ క్లబ్ అంతకుముందు 1972లో పీకే బెనర్జీ శిక్షణలో ఈ ఘనత సాధించింది. 1990కే నయీముద్దీన్‌కు ద్రోణాచార్య అవార్డు ప్రకటించారు. ఆటగాడిగా అర్జున, శిక్షకుడిగా ద్రోణాచార్య రెండూ అందుకున్న ఫుట్‌బాలర్లు చాలా అరుదు.

జాతీయ జట్టు కోచ్‌గా 1997లో కాఠ్‌మాండూలో, 2005లో కరాచీలో దక్షిణాసియా టైటిల్ గెలిపించారు. మొదటిసారి ఫైనల్లో మాల్దీవులపై 5-1తో, రెండోసారి బంగ్లాదేశ్‌పై 2-0తో జట్టు నెగ్గింది. తర్వాత బంగ్లాదేశ్ జాతీయ జట్టుకు కూడా శిక్షణ ఇచ్చారు.

క్రమశిక్షణ విషయంలో ఆయన కఠినంగా ఉండేవారని పేరు. నిద్ర, తిండి, ప్రాక్టీసు వేళలు అన్నిటికీ లెక్క ఉండేది. డిఫెండర్‌గా ఆయన చేసిన పనికీ దీనికీ పోలిక కనిపిస్తుంది. ఫార్వర్డ్ పది అవకాశాల్లో తొమ్మిది వృథా చేసి, పదోది గోల్ కొడితే వీరుడవుతాడు. డిఫెండర్ తొమ్మిదిసార్లు ఆపి పదోసారి తప్పితే దోషి అవుతాడు. తప్పు జరగకముందే ఊహించడం అతని ఉద్యోగం. కోచ్ చేసే పని కూడా దాదాపు అదే.

అయితే ఆ పద్ధతికి హద్దులు ఉన్నాయని కూడా తేలింది. 2006 ఫిబ్రవరిలో ఆసియా కప్ అర్హత పోటీలో భారత్ జపాన్ చేతిలో 0-6తో ఓడిపోయింది. 36 ఏళ్ల కిందట కెప్టెన్‌గా తను ఓడించిన జట్టే అది. ఆ మధ్య కాలంలో జపాన్ 1993లో ప్రొఫెషనల్ లీగ్ పెట్టుకుని, 1998 నుంచి వరసగా ప్రపంచ కప్‌లకు వెళ్లింది. ఒక కోచ్ క్రమశిక్షణతో పూడ్చగలిగే తేడా కాదది. అదే ఏడాది భారత జట్టు పగ్గాలు ఇంగ్లండ్‌కు చెందిన బాబ్ హౌటన్ చేతికి వెళ్లాయి.

అమెరికాలో నిచ్చెన ఎలా ఉంటుంది?

డిఫెండర్ కోచ్‌గా మారే ప్రయాణానికి స్పష్టమైన మెట్లున్న చోటు అమెరికన్ ఫుట్‌బాల్. పేరు ఒకటే అయినా అది వేరే ఆట. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు, విసురుతారు. దాడికి ఒక పదకొండు మంది, రక్షణకు మరో పదకొండు మంది దిగుతారు.

రక్షణ జట్టు మధ్యలో ఉండే ఆటగాడిని లైన్‌బ్యాకర్ అంటారు. ప్రత్యర్థి ఎత్తుగడను పసిగట్టి మిగతా పదిమందిని సర్దేది సాధారణంగా అతనే. 2008 నుంచి రక్షణ జట్టులో ఒక ఆటగాడి హెల్మెట్‌లో రేడియో పెట్టుకోవడానికి ఎన్ఎఫ్ఎల్ అనుమతిస్తోంది. కోచ్ మాట అతనికి మాత్రమే వినిపిస్తుంది. ఆట మొదలుపెట్టాల్సిన గడువుకు 15 సెకన్ల ముందు ఆ రేడియో ఆగిపోతుంది. అక్కడి నుంచి మైదానంలో అతనే కోచ్.

డెమీకో రయన్స్ అలాంటి లైన్‌బ్యాకర్. 2006లో హ్యూస్టన్ టెక్సన్స్ జట్టులో చేరి, ఆ ఏడాది రక్షణలో ఉత్తమ కొత్త ఆటగాడిగా ఎంపికయ్యారు. తర్వాత ఫిలడెల్ఫియాకు మారారు. గాయాలతో 2015 సీజన్ తర్వాత ఆట ఆగిపోయింది. 2017లో శాన్‌ఫ్రాన్సిస్కో జట్టులో కోచింగ్ సిబ్బందిలోని కింది మెట్టు మీద చేరారు. మ్యాచ్ వీడియోలు విశ్లేషించి నివేదికలు తయారుచేయడం లాంటివే అక్కడి పని. మరుసటి ఏడాది లైన్‌బ్యాకర్ల కోచ్ అయ్యారు. 2021లో మొత్తం రక్షణ విభాగానికి బాధ్యుడయ్యారు. 2023లో తను మొదట ఆడిన హ్యూస్టన్‌కే హెడ్ కోచ్‌గా తిరిగొచ్చారు. అంతకుముందు సీజన్‌లో మూడే మ్యాచ్‌లు గెలిచిన జట్టు ఆయన వచ్చిన తొలి ఏడాది పది గెలిచింది.

రయన్స్ ప్రతిభ గలవారే. కానీ కింది మెట్టు ఉద్యోగం అనేది ఒకటి లేకపోతే ఆ ప్రతిభ ఎక్కడ కాలుమోపుతుంది?

తిరిగి రాని జ్ఞానం

హైదరాబాద్‌లోనూ ఒకప్పుడు ఆ మెట్లు ఉండేవి. బడి, పేట జట్టు, పోలీస్ జట్టు, అక్కడ ఒక ఉద్యోగం, పక్కనే రహీమ్ లాంటి గురువు. ఆట నేర్చినవాడు ఆ ఊళ్లోనే నేర్పేవాడయ్యే అవకాశం ఉండేది. ప్రభుత్వ సంస్థల జట్లు బలహీనపడ్డాక ఆ మెట్లు కూలిపోయాయి. నయీముద్దీన్ కోచింగ్‌లో పెద్ద విజయాలు ఎక్కువగా కోల్‌కతాలో, జాతీయ జట్టుతో వచ్చినవే. హబీబ్ జంషెడ్‌పూర్‌లోని టాటా ఫుట్‌బాల్ అకాడమీలో కుర్రాళ్లకు నేర్పారు. హైదరాబాద్ నేర్చుకున్నది ఇతర నగరాలకు ఉపయోగపడింది.

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ కూడా గెలిచింది. దాని కోచ్ స్పెయిన్‌కు చెందిన మనోలో మార్కెజ్. 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది. కొనుక్కున్న జట్టు ట్రోఫీ తేగలదు. గల్లీలో ఒక కోచ్‌ను మిగిల్చివెళ్లడం వేరే పని.

తర్లగూడకు కావాల్సిందేంటి?

భారత్‌లో ఇప్పుడు కోచ్‌లకు లైసెన్సు పద్ధతి ఉంది. చిన్నపిల్లలకు నేర్పే ప్రాథమిక కోర్సుతో మొదలై డి, సి, బి, ఏ, చివరికి ప్రో స్థాయి దాకా మెట్లున్నాయి. కాగితం మీద నిచ్చెన ఉంది. దాని కింది మెట్టు సరిహద్దు ఊళ్ల దాకా అందడమే అసలు సమస్య. కోర్సుకు దూరం వెళ్లాలి, రోజుల తరబడి పని మానుకోవాలి, తిరిగొచ్చాక జీతమిచ్చే చోటుండాలి.

బస్తర్ ఒలింపిక్స్‌లో ఆడిన ఒక డిఫెండర్ ముప్పై ఏళ్లు దాటాక ఏం చేస్తాడన్నది చిన్న ప్రశ్నగా కనిపించవచ్చు. అతనికి ఊరి బడిలో గంట సేపు పిల్లలకు నేర్పే కొలువు, ఒక బంతుల సంచి, ఒక కోర్సు ఫీజు దొరికితే తర్వాతి పోటీల నాటికి ఆ ఊరికి జట్టు తయారుగా ఉంటుంది. దొరక్కపోతే ప్రతి తరం మొదటి నుంచీ మొదలుపెట్టాలి. రహీమ్‌కు మొదట్లో ఉన్నది పెద్ద అకాడమీ ఏమీ కాదు. ఒక బడి, అందులో పంతులు ఉద్యోగం, సాయంత్రం ఒక మైదానం.