డులూత్ అంగట్లో అమ్మ

నారపల్లి నుంచి అమ్మ మొదటిసారి అట్లాంటా వచ్చిన వారంలోనే చామదుంపలు కావాలంది. డులూత్‌లోని హెచ్ మార్ట్‌కి తీసుకెళ్లాను. మన గుళ్ల గురించి, తెలుగు బడుల గురించి ఈ సంచికలో చాలామంది రాస్తారు. గ్విన్నెట్ కౌంటీలో మన వంటిళ్లకు ఇన్నేళ్లుగా కూరగాయలిస్తున్న ఈ కొరియన్ అంగడి గురించీ ఒకరు రాయాలి.

ఇల్ యోన్ క్వోన్ 1982లో న్యూయార్క్‌లోని వుడ్‌సైడ్‌లో తెరిచిన చిన్న కొట్టుతో మొదలైంది హెచ్ మార్ట్. అప్పటి పేరు హాన్ ఆరుమ్. రెండు చేతులా పొదివి పట్టుకున్నంత సరుకు అని అర్థం.

అమ్మ కిమ్చి డబ్బాల దగ్గర ఆగిపోయింది. "గిదేంది బిడ్డా, ఆకులకు కారం పూసిండ్రు?" కొని ఇంటికెళ్లాక రుచి చూసి ఇంకో ప్రశ్న వేసింది. "నూనె పడలే, ఆవపిండి పడలే, మామిడికాయ లేదు. మరి పులుపెక్కడిది?"

అడగాల్సిన ప్రశ్నే. ఆవకాయలో పులుపు కాయది. కిమ్చిలో అది రోజులు గడిచేకొద్దీ పుడుతుంది. క్యాబేజీని ఉప్పులో ఊరబెట్టి, కడిగి, కారం, వెల్లుల్లి, అల్లం ఆకు ఆకుకూ పట్టించి గాలి చొరకుండా కూరితే, మన దోసెపిండిలా పులుస్తుంది. చాలావాటిలో ఉప్పురొయ్యలో చేపల రసమో పడుతుంది, శాకాహారులు చూసి కొనాలి.

చలికాలం ముందు ఇరుగుపొరుగు కలిసి కిమ్చి పెట్టి పంచుకోవడాన్ని కొరియన్లు కిమ్‌జాంగ్ అంటారు. 2013లో యునెస్కో దాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. అమ్మకు చెబితే, ఉప్పల్‌లో కాయలు కొట్టించుకొచ్చి వాడంతా మా వాకిట్లో కూర్చున్న ఎండాకాలాలు చెప్పుకొచ్చింది. కిమ్చిలోని, ఆవకాయలోని మిరప వాళ్లకూ మనకూ చేరింది ఈ అమెరికా ఖండాల నుంచే.

కొరియన్లకూ మనకూ ఇంకో ముడి కూడా ఉంది. 2009లో ఇక్కడ జార్జియాలోని వెస్ట్ పాయింట్‌లో, 2019లో పెనుకొండ దగ్గరి ఎర్రమంచిలో వాళ్ల కియా కార్లు తయారవడం మొదలైంది. కొరియన్ ఉద్యోగుల కోసం అనంతపురం వైపూ వాళ్ల భోజనశాలలు వెలిశాయి. మన సీమలో వాళ్లకు అన్నం దొరికిందంటే నాకు సంతోషంగా ఉంటుంది.

ఈ ఏప్రిల్‌లో ఆవకాయకు గుంటూరు కారం చాల్లేదు. కొరియన్ కారం ప్యాకెట్ తెచ్చి అమ్మకు ఫోన్లో చూపించాను.

"రంగు మస్తుంది. ఘాటుంటదా?"

"తక్కువే."

"అయితే సగం గది, సగం మనది కలుపు. ఉప్పు చూస్కో."